పోటు లెక్క, తుపాను లెక్క



ఈ సభలో మనం తలుచుకుంటున్న మాస్టారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ లెక్కలు చెప్పారు, రిటైరయ్యాక అరుగు మీద కూర్చుని అవే చెప్పారు. ఆయన శిష్యుల్లో వేటకు పోయేవాళ్లున్నారు, రొయ్యల సాగు చేసేవాళ్లున్నారు, శ్రీహరికోటలో పనిచేసినవాళ్లున్నారు. వీళ్లందరికీ అక్కరకొచ్చే లెక్క ఒకటి చెప్పమని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు కేయాస్ సిద్ధాంతమే తోచింది. కేయాస్ అంటే అంతా అయోమయం, ఏదీ ముందు తెలియదు అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఏ విషయాన్ని ఎంత దూరం దాకా ముందే చెప్పొచ్చు, ఎక్కడ నోరు కట్టేసుకోవాలి అన్నది తేల్చే గణితం అది. తుపాన్ల దారిలో కాపురాలుండే మనకు ఇంతకన్నా దగ్గరి గణితం లేదని నా నమ్మకం.

కృష్ణపట్నం రేవులో వచ్చే ఏడాది కార్తీక పున్నమినాడు పోటు ఏ వేళకు వస్తుందో, నీరు ఎంత మట్టానికి లేస్తుందో ఇవాళే లెక్కగట్టొచ్చు. మన దేశపు రేవుల ఆటుపోట్ల పట్టికలను సర్వే ఆఫ్ ఇండియా ఏటా ముందుగానే అచ్చువేస్తుంది. చంద్రుడి తిరుగుడు తెలుసు, సూర్యుడి సంగతి తెలుసు, ఆ రేవులో నీరు వాటికి ఎలా స్పందిస్తుందో పాత కొలతలు చెబుతాయి. మిగిలింది కూడికలే. అదే నీటి మీద, వచ్చే నెల ఇదే తేదీకి వాయుగుండం ఉంటుందా అని అడిగి చూడండి. లోకంలో ఏ కంప్యూటరూ జవాబు చెప్పలేదు. నీటిని నడిపేవీ గాలిని నడిపేవీ ఒకే న్యూటన్ సూత్రాలు. మరి ఒకదానికి ఏడాది ముందే పట్టిక ఎందుకుంది, రెండోదానికి నెల ముందు కూడా ఎందుకు లేదు?

కాస్త దక్షిణానికి పోదాం. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట ఉంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అది తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, 1971 అక్టోబరు 9న అక్కణ్ణుంచి తొలి రోహిణి రాకెట్ ఎగిరిన నాటి నుంచీ నెల్లూరువాళ్లకు అది మన ఊరే. 2023 జులై 14 మధ్యాహ్నం 2.35కి అక్కడ బయలుదేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23 సాయంత్రం 6 దాటిన కొద్ది నిమిషాలకు చంద్రుడి మీద దిగింది. దారిలో చిన్న చిన్న దిద్దుబాట్లు చేసుకుంటూ నలభై రోజుల ప్రయాణం. దిగాల్సిన రోజు, దిగాల్సిన చోటు ముందే రాసిపెట్టుకున్నవి. అదే దీవిలో వాతావరణం చూసేవాళ్లేమో ప్రయోగం రోజున పిడుగుల మేఘం వస్తుందా, పైన గాలి ఎలా ఉందని బెలూన్లు వదిలి, రాడార్ చూస్తూ చివరి గంటల దాకా కాపు కాస్తారు. నాలుగు లక్షల కిలోమీటర్ల అవతలికి దారి తెలుసు. నెత్తి మీద పది కిలోమీటర్ల ఎత్తున గాలి వారం తర్వాత ఎలా ఉంటుందో రూఢిగా తెలియదు. గాలిని ఇంకా బాగా కొలిస్తే, ఇంకా పెద్ద యంత్రాలు కడితే ఈ తేడా పోతుందని ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే అనుకున్నారు. తేడా తగ్గుతుంది, పూర్తిగా మాత్రం పోదు. ఎందుకు పోదో కనిపెట్టిన కథ చాలా గొప్పది.

ఆ కథ గ్రహాలతో మొదలైంది. స్వీడన్ రాజు రెండో ఆస్కార్ అరవయ్యో పుట్టినరోజుకు ఒక గణిత పోటీ పెట్టారు. సూర్యకుటుంబం కలకాలం ఇలాగే నిలిచి ఉంటుందా అన్నది అందులో ఒక ప్రశ్న. ఫ్రాన్సుకు చెందిన హెన్రీ పోయెంకరె 1889లో బహుమతి గెలిచాడు. వ్యాసం అచ్చవుతుండగా, సంపాదకుడికి సాయపడుతున్న ఫ్రాగ్మెన్ అనే యువకుడు కొన్నిచోట్ల వివరణ కావాలన్నాడు. ఆ వివరణ రాయబోతే పోయెంకరెకు తన వాదంలోనే పెద్ద తప్పు కనపడింది. అచ్చయిన ప్రతులు వెనక్కి తెప్పించారు. తిరిగి అచ్చువేయడానికైన ఖర్చు ఆయనే భరించాడు. అది బహుమతి సొమ్ముకన్నా ఎక్కువ. దిద్దిన వ్యాసంలో తేలిందేమిటంటే, మూడు గోళాలు ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటూ తిరిగితే వాటి దారులు బొమ్మ గీయడానికి కూడా అలవికానంత మెలికలు పడగలవు. మొదట్లో కంటికి ఆనని తేడా చివర్లో కొండంత కావచ్చని ఆయన తర్వాతి రచనల్లో విడమరిచి చెప్పాడు. గణిత చరిత్రలో ఒక తప్పు దిద్దుకోవడం వల్ల ఇంత మేలు జరిగిన సందర్భం నాకు మరొకటి కనపడదు.

అంటే గ్రహాల్లోనూ ఇదే ఉందన్నమాట. 1989లో జాక్ లాస్కర్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త లెక్కగట్టాడు: ఇవాళ భూమి ఉన్న చోటును 15 మీటర్లు తప్పుగా కొలిస్తే, పది కోట్ల ఏళ్ల తర్వాత ఆ తప్పు 15 కోట్ల కిలోమీటర్లకు పెరుగుతుంది. అది సూర్యుడికీ మనకూ ఉన్నంత దూరం. కాబట్టి పోటుకూ తుపానుకూ మధ్య తేడా, ఒకటి క్రమం రెండోది అక్రమం అన్నది కాదు. తప్పు ఎంత వేగంగా పెరుగుతుందన్నదే తేడా. గ్రహాల లెక్కలో తప్పు పెరగడానికి లక్షల ఏళ్లు పడుతుంది. గాలి లెక్కలో రోజులు చాలు. ఉరుముల మేఘం లెక్కలో గంటలే. ప్రతి వ్యవస్థకూ తనదైన గడువు ఉంటుంది. ఆ గడువు లోపల చెప్పింది జోస్యం కాదు, శాస్త్రం. గడువు దాటి చెప్పింది ఎంత పెద్ద కంప్యూటర్ చెప్పినా జోస్యమే.

పోయెంకరె తర్వాత డెబ్బై ఏళ్లు ఈ సంగతి ఎక్కువగా గణితజ్ఞుల మధ్యే ఉండిపోయింది. చేతితో అన్ని లెక్కలు ఎవరు చేస్తారు? 1961 చలికాలంలో అమెరికాలోని ఎంఐటీలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త, రాయల్ మెక్‌బీ ఎల్‌జీపీ-30 అనే బల్లంత కంప్యూటర్ మీద పన్నెండు సమీకరణాలతో ఒక నమూనా వాతావరణం నడుపుతున్నాడు. పాత లెక్కను ఇంకొంచెం ముందుకు పొడిగించి చూడాలనిపించింది. మొదటి నుంచి దేనికని, మధ్యలో ఒకచోట కాగితం మీద అచ్చయిన అంకెలే తిరిగి టైపు చేసి, కాఫీ తాగడానికి వెళ్లాడు. గంట తర్వాత వచ్చి చూస్తే యంత్రం రెండు నెలల వాతావరణం లెక్కగట్టి పెట్టింది. కొంతదూరం పాత లెక్కా కొత్త లెక్కా ఒకటే. ఆ పైన చివరి అంకెల్లో తేడా, తర్వాత ముందు అంకెల్లో తేడా, ఆఖరికి రెండింటికీ పోలికే లేదు. యంత్రంలో వాల్వు ఏదో చెడిందనుకున్నాడు. ఏదీ చెడలేదు. యంత్రం లోపల 0.506127 అని ఆరు స్థానాలు ఉంచుకుంటోంది. కాగితం మీద చోటు కలిసిరావడానికి 0.506 అని మూడే అచ్చువేస్తోంది. ఆయన టైపు చేసింది ఆ మూడు. వదిలేసిన 0.000127 రెండు నెలల వాతావరణాన్ని తారుమారు చేసింది.

లోరెంజ్ దాన్ని పొరపాటని పక్కన పడేయలేదు. పన్నెండు సమీకరణాలను మూడుకు కుదించి, అక్కడా ఇదే జరుగుతుందని చూపి, 1963లో వాతావరణ శాస్త్ర పత్రికలో వ్యాసం రాశాడు. ఆ లెక్కలను యంత్రానికి ఎక్కించడంలో పనిచేసినవాళ్లు మార్గరెట్ హామిల్టన్, ఎలెన్ ఫెటర్ అనే ఇద్దరు యువతులు. ఆ హామిల్టనే తర్వాత అపోలో చంద్రయాత్రల ప్రోగ్రాములు రాసిన బృందానికి నాయకత్వం వహించింది. చాలా పుస్తకాలు ఈ ఇద్దరి పేర్లూ ఎత్తవు. ఆడపిల్లలు ఎక్కువగా కూర్చున్న ఈ సభలో ఎత్తకపోతే తప్పు.

మాస్టారి శిష్యులు మాట విని నమ్మరు, చేసి చూస్తారు. ఫోన్లు బయటికి తీయండి. సున్నాకూ ఒకటికీ మధ్య ఒక సంఖ్య తీసుకోండి. దాన్ని ఒకటిలోంచి తీసివేయండి. వచ్చినదాన్ని మొదటి సంఖ్యతో హెచ్చవేసి, ఆ లబ్ధాన్ని మళ్లీ నాలుగుతో హెచ్చవేయండి. వచ్చిన జవాబు తీసుకుని మళ్లీ ఇదే పని చేయండి. 0.3తో మొదలుపెడితే 0.84 వస్తుంది, తర్వాత 0.5376, ఆ తర్వాత 0.9943. ఇప్పుడు పక్కనున్నవాళ్లు 0.301తో మొదలుపెట్టండి. 0.8416, 0.5332, 0.9956. మూడు అడుగుల దాకా రెండూ జంటగానే నడిచాయి. ఆరో అడుగుకు మొదటిది 0.321, రెండోది 0.258. ఎనిమిదో అడుగుకు 0.448, 0.719. పదో అడుగుకు చూడండి: ఒకటి 0.043, మరొకటి 0.620. ఇందులో అదృష్టం లేదు, పాచికలు లేవు. ఎవరు చేసినా, ఎన్నిసార్లు చేసినా ఇవే జవాబులు. అయినా వెయ్యో వంతు తేడా పది అడుగుల్లో లెక్క మొత్తాన్నీ మింగేసింది.

ఈ సూత్రంలో తప్పు సగటున అడుగుకు రెట్టింపవుతుంది. పదిసార్లు రెట్టింపైతే వెయ్యి రెట్లు దాటుతుంది. ఇక అసలు మాట వినండి. మన కొలతను పదివేల రెట్లు మెరుగుపరిచాం అనుకుందాం. 0.3కు పక్కన 0.301 కాక 0.3000001 పెట్టాం. ఎన్ని అడుగులు లాభం? పదివేల అడుగులు కాదు, వెయ్యి కాదు. పదమూడో పద్నాలుగో, అంతే. వాతావరణ కేంద్రాల కష్టం మొత్తం ఇక్కడుంది. కొత్త ఉపగ్రహం వేస్తారు, కొత్త రాడార్ పెడతారు, సముద్రంలో కొత్త బోయాలు కడతారు. వేల కోట్లు పోసి కొలతను ఎన్నో రెట్లు మెరుగుచేస్తే ముందుచూపు ఒకటి రెండు రోజులు పెరుగుతుంది. ఆ ఒకటి రెండు రోజులకే పల్లెకు పల్లె ప్రాణాలతో బయటపడుతుంది కాబట్టి ఆ ఖర్చు దండగని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇందాకటి సూత్రంలో నాలుగు బదులు 2.5 పెట్టండి. ఎక్కడ మొదలుపెట్టినా జవాబు 0.6 దగ్గరికి వచ్చి ఆగుతుంది. 3.2 పెడితే 0.513, 0.799 మధ్య ఒకటి తప్పించి ఒకటిగా ఊగుతుంది. 3.5 దగ్గర నాలుగు విలువల మధ్య. 3.57 దాటాక కేయాస్. జంతువుల సంఖ్య ఏడాదేడాదీ ఎందుకు పెరిగి తగ్గుతుందో చూస్తూ రాబర్ట్ మే 1976లో నేచర్ పత్రికలో రాసిన వ్యాసం ఈ సూత్రాన్ని లోకానికి పరిచయం చేసింది. పిల్లలకు గణితం చెప్పేటప్పుడు తొలినాళ్లలోనే ఈ చిన్న సమీకరణం చూపించాలని ఆయన అందులో కోరాడు. యాభై ఏళ్లయింది. మన బడుల్లో ఇప్పటికీ చూపించడం లేదు.

తప్పు పెరుగుతూ పోతే జవాబు ఎటో ఎగిరిపోవాలి గదా, ఎప్పుడూ సున్నాకూ ఒకటికీ మధ్యే ఎందుకు తిరుగుతోంది? మడత కాజా చేసేవాళ్ల చేతులు చూడండి. పిండిని పల్చగా సాగదీస్తారు, మడతపెడతారు, మళ్లీ సాగదీస్తారు. పక్కపక్కన ఉన్న రెండు రేణువులు సాగినప్పుడల్లా దూరమవుతాయి. మడత వల్ల ముద్ద మాత్రం పలక దాటి పోదు. నాలుగు మడతలయ్యాక ఏ రేణువు ఎక్కడుందో చెప్పలేం, పిండి ఎక్కడుందో చెప్పగలం. లోరెంజ్ సమీకరణాల్లోనూ సాగడం, మడతపడటం రెండూ ఉన్నాయి. దారి తెలియదు, దారుల ఆవరణ తెలుసు. నవంబరులో నెల్లూరులో ఏ రోజు వాన పడుతుందో రెండు నెలల ముందు చెప్పలేం. మంచు మాత్రం పడదని ఎప్పుడైనా చెప్పగలం.

లోరెంజ్ 1972లో ఇచ్చిన ఒక ఉపన్యాసానికి, బ్రెజిల్‌లో సీతాకోకచిలుక రెక్క ఆడిస్తే టెక్సాస్‌లో సుడిగాలి పుడుతుందా అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టారు. పెట్టింది ఆయన కూడా కాదు, సభ నిర్వహించిన ఫిలిప్ మెరిలీస్. అప్పటి నుంచి ఆ సీతాకోకచిలుక చేయని పని లేదు. సినిమాల్లో వచ్చింది, వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో వచ్చింది, కర్మఫలానికి సాక్ష్యంగా కూడా వచ్చింది. నాకిది బాధ కలిగించే విషయం. ఆ రెక్క తుపానును పుట్టించదు. తుపానుకు కావలసిన శక్తి వెచ్చటి సముద్రంలోంచి వస్తుంది. రెక్క ఆడిన లోకంలోనూ ఆడని లోకంలోనూ తుపాన్లు వస్తాయి. ఏ రోజున, ఏ దారిన అన్నదే మారుతుంది. కోటానుకోట్ల రెక్కలు ఆడుతున్నప్పుడు ఏ రెక్క వల్ల మారిందో వెనక్కి వెళ్లి పట్టుకోవడమూ అసాధ్యమే. లోరెంజ్ చెప్పదలిచింది ఆ అసాధ్యాన్నే.

ఇదే సున్నితత్వం పనికొచ్చే చోట్లూ ఉన్నాయి. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన, సూర్యుడి ఆకర్షణా భూమి ఆకర్షణా కలిసి నౌకను భూమితో పాటే సూర్యుడి చుట్టూ తిప్పే చోటు చుట్టూ తిరిగే కక్ష్యలో చేరింది. ఒక్కో చుట్టుకు దాదాపు 178 రోజులు. పోయెంకరె తలపట్టుకున్న మూడు గోళాల లెక్క నుంచే ఆ కక్ష్య వచ్చింది. అది నిలకడ లేని కక్ష్య, వదిలేస్తే నౌక జారిపోతుంది. అయితే చిన్న తేడా పెద్దదవుతుందంటే, చిన్న నెట్టుడుతో పెద్ద పని జరుగుతుందని కూడా గదా అర్థం. తప్పు పెరగకముందే కొద్దిగా ఇంధనం మండిస్తే చాలు, నౌక కక్ష్యలోనే ఉంటుంది. మొదటి చుట్టు 2024 జులై 2న పూర్తయింది. ఇస్రోవాళ్లు కేయాస్‌ను వాహనంగా చేసుకున్నారని నేనంటే అతిశయోక్తి కాదు.

మన దేశంలో ఈ రంగంలో గట్టి పని జరిగింది. తిరుచిరాపల్లి భారతిదాసన్ విశ్వవిద్యాలయంలో ఎం. లక్ష్మణన్ బృందం నాలుగు చవక పరికరాలతో కేయాస్ చూపించే విద్యుత్ వలయం తయారుచేసింది. డిగ్రీ పిల్లలు కూడా దాన్ని కట్టుకోవచ్చు. 2011 నుంచి 2015 దాకా హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్న రామకృష్ణ రామస్వామి ఈ రంగంలో పేరున్న శాస్త్రవేత్త.

ఇక మన తీరానికి వద్దాం. 1989 నవంబరు తుపాను గుర్తున్నవాళ్లు ఈ సభలో చాలామంది ఉంటారు. లోకం దాన్ని గే అన్న పేరుతో పిలుస్తుంది, మనకది కావలి తుపాను. పుట్టింది థాయ్‌లాండ్ సింధుశాఖలో. నవంబరు 3న అక్కడ సీక్రెస్ట్ అనే డ్రిల్లింగ్ ఓడను బోల్తా కొట్టించి 91 మందిని పొట్టనపెట్టుకుంది. మర్నాడు థాయ్‌లాండ్ భూభాగాన్ని అడ్డంగా దాటి, అండమాన్ సముద్రంలో తిరిగి బలం పుంజుకుని, నవంబరు 8 రాత్రి కావలి దగ్గర తీరం దాటింది. రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. అంత దూరాన దారి ఒక్క డిగ్రీ పక్కకు జరిగితే చివర్లో తేడా 35 కిలోమీటర్లు. కేయాస్ లేకుండా, ఉత్త క్షేత్రగణితంతోనే ఇంత. దానికి తోడు తుపాను బొంగరంలా ఒంటరిగా తిరగదు. చుట్టూ ఉన్న పెద్ద గాలులు దాన్ని ఈడ్చుకుపోతాయి. ఆ గాలులు ఒకదానికొకటి ఎదురుగా, సరిసమానంగా ఉన్నప్పుడు తుపాను కూడలిలో నిలబడుతుంది. అప్పుడు అతిచిన్న తేడాయే దాని దిక్కు తేలుస్తుంది. 2013 డిసెంబరులో మాది తుపాను ఉత్తరంగా నడిచి, సముద్రం మధ్యలో దాదాపు వెనక్కి తిరిగి, నైరుతి దిక్కుగా పోయి డిసెంబరు 12న వేదారణ్యం దగ్గర బలహీనపడి నేలకెక్కింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ మన తీరాన్ని ఒరుసుకుంటూ పైకి సాగి 5వ తేదీన బాపట్ల దగ్గర దాటింది.

తీరం దాటే చోటు కొంచెం మారితే ఏమవుతుందని అనిపించొచ్చు. చాలా అవుతుంది. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముళ్లకు ఎదురుగా తిరుగుతుంది. తూర్పు నుంచి వచ్చే తుపాను కేంద్రానికి ఉత్తరాన గాలి సముద్రం మీంచి నేల మీదికి తోస్తుంది, దక్షిణాన నేల మీంచి సముద్రంలోకి తోస్తుంది. అందుకే ఉప్పెన ఉత్తరం పక్కనే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది ఆ ఉత్తరపు పక్క నీరే. తుపాను కేంద్రం కృష్ణపట్నం దగ్గర దాటిందనుకోండి, మైపాడు, ఊటుకూరు, ఇసకపల్లి మీదికి సముద్రం వస్తుంది. కావలికి పైన దాటిందనుకోండి, అవే ఊళ్లలో గాలి నీటిని వెనక్కి తోస్తుంది. కృష్ణపట్నం నుంచి కావలికి ఉన్న ఎడం డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు. ఇరవై నాలుగు గంటల ముందు చెప్పే తుపాను స్థానంలో మన వాతావరణ శాఖ సగటు తప్పు ఇరవై ఏళ్ల కిందట వంద కిలోమీటర్లకు బాగా పైన ఉండేది. ఇప్పుడు వందకు లోపు. అది ఎంతో గొప్ప ప్రగతి. అయినా ఇసకపల్లికి నీరొస్తుందా రాదా అన్నది ఆ మిగిలిన తప్పులోనే ఇరుక్కుని ఉంది.

శాస్త్రవేత్తలు దీనికి చేసిన ఉపాయం నాకు చాలా ఇష్టం. మొదటి కొలతలో తప్పు ఉండక తప్పదు గనక, ఆ తప్పునే లెక్కలోకి తెచ్చారు. ఒకే నమూనాను, మొదటి కొలతలు రవంత అటూ ఇటూ మార్చి, పదేపదే నడుపుతారు. యూరప్, అమెరికా కేంద్రాలు 1992 నుంచి ఈ పద్ధతి వాడుతున్నాయి. మన వాతావరణ శాఖ 2018 జూన్‌లో మొదలుపెట్టిన వ్యవస్థలో నమూనాను 21 సార్లు నడుపుతారు. ఇరవై ఒక్క దారులూ ఒక గుత్తిగా వస్తే ధైర్యంగా చెప్పొచ్చు. విసనకర్రలా విచ్చుకుంటే ఆ మాటే జనానికి చెప్పాలి. 2009 నుంచి మన తుపాను పటాల మీద గీత చుట్టూ వెడల్పవుతూ పోయే ఆవరణ గీస్తున్నారు. తప్పుకు ఉన్న వెడల్పు అది. టీవీలు గీతను చూపించి ఆవరణను వదిలేస్తాయి. పటంలో అన్నిటికన్నా నిజాయతీ ఉన్న భాగం ఆవరణే.

రోజువారీ వాతావరణాన్ని ముందే చెప్పడానికి గడువు సుమారు రెండు వారాలు. అలాంటప్పుడు వానకాలం ఎలా ఉంటుందని నెలల ముందు ఎలా చెబుతారని మాస్టారే ఉంటే అడిగేవారు. న్యాయమైన ప్రశ్న. 1981లో జూల్ చార్నీ, మన దేశానికి చెందిన జగదీశ్ శుక్లా దానికి దారి చూపారు. గాలి త్వరగా మరిచిపోతుంది, సముద్రం నెలల తరబడి గుర్తుంచుకుంటుంది. సముద్రపు వేడిమి గాలుల ఆవరణను జరుపుతుంది కాబట్టి ఏ తేదీన వానో చెప్పలేకపోయినా, కాలం మొత్తం మీద మొగ్గు చెప్పొచ్చు. నైరుతి కాలంలో చాలా ఎత్తున తూర్పు నుంచి పడమరకు వీచే ఉధృతమైన గాలిని 1950లలో గుర్తించి, తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయిన పంచేటి కోటేశ్వరం మన తెలుగువాడే. అలాంటి గాలి ఏటేటా వచ్చే క్రమం, ఆవరణలో భాగం. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. పసిఫిక్‌లో ఎల్ నినో వచ్చిన ఏడు మన ఈశాన్య రుతుపవనాలు సాధారణంగా బలంగా ఉంటాయి. 2015 అలాంటి ఏడు, ఆ నవంబరు వరదలు మీకు చెప్పక్కర్లేదు. ఆ వేసవిలోనే మొగ్గు చెప్పొచ్చు. ఏ రోజు ఏ వాగు పొంగుతుందో చెప్పలేం.

ఈ మధ్య అక్టోబరు వస్తే చాలు, ఫోన్లలో మహాతుపాన్ల రాక మొదలవుతుంది. పన్నెండు రోజుల తర్వాత ఫలానా తేదీన ఫలానా ఊళ్లో తీరం దాటుతుందని, రంగురంగుల పటంతో సహా. ఆ పటం అబద్ధం కానక్కర్లేదు, ఏదో ఒక నమూనా ఒక్కసారి నడిచినప్పుడు గీసిన ఒక్క దారి. మరుసటి పూట నడిస్తే ఆ తుపానే ఉండకపోవచ్చు. పదో అడుగులో 0.043 వచ్చిందని ఊరంతా చాటి, 0.620 వచ్చినవాడి మాట దాచడం లాంటిది. ఇది తప్పు అని గట్టిగా చెప్పాలి. ఈ భయానికి రెండుసార్లు పరుగెత్తినవాడు మూడోసారి నిజమైన హెచ్చరికకు కదలడు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పునరావాస కేంద్రాలకు తరలించారు, రెండు రోజులు అన్నం పెట్టారు, తుపానేమో బాపట్లకు పోయింది, అనవసరంగా మా వేట పోగొట్టారని నిష్ఠూరాలు వింటుంటాం. వేట పోయిన ఇంటి కష్టం నిజం, దానికి పరిహారం అడగడం హక్కు. అయితే హెచ్చరిక తప్పిందనడం న్యాయం కాదు. ఆవరణలో మన ఊరు ఉంది, ఆవరణలోనే తుపాను దాటింది. హెచ్చరిక నిజమైంది, నీరు వేరే ఊరికి వచ్చింది.

కాబట్టి ముగ్గురికి మూడు విన్నపాలు. ఉపాధ్యాయులు ఇవాళ మనం చేసిన హెచ్చవేతను తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక్క పీరియడ్‌లో చేయించండి. హెచ్చరికలు తెలుగులో రాసి పంపే అధికారులు, పత్రికలవాళ్లు, తీరం దాటే చోటు ఒక్క ఊరి పేరుతో చెప్పకండి. ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరి దాకా అని చెప్పి, ఆ మధ్య ఉన్న పల్లెల పేర్లు కూడా రాయండి. వేటకు పోయే అన్నలారా, తమ్ముళ్లారా, ఈ అక్టోబరులో తుపాను పటం మీ ఫోన్‌కు వచ్చినప్పుడు గీత ఎటు పోతోందో తర్వాత చూడండి. మీ ఊరు ఆవరణలో ఉందా లేదా అన్నది ముందు చూడండి. ఉంటే, గీత బాపట్ల మీదుగా ఉన్నా సరే, పడవలు గట్టెక్కించండి, వలలు ఇంటికి చేర్చండి, ముసలివాళ్లనూ పిల్లలనూ ముందు రోజే కేంద్రానికి పంపండి.